సైకిలు నడిపించుకుంటూ

మా బావ అబద్ధమాడడు. ఈ మాట ఎక్కడ ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను. కాకపోతే ఎదుటివాళ్ళు తన గురించి గొప్పగా ఏదైనా అనుకుంటే మాత్రం కాదనడు. చిన్నగా ఓ నవ్వు నవ్వి, చేతిలో ఉన్న చెక్కముక్కను ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ కూర్చుంటాడు. ఆ నవ్వే మమ్మల్ని కోర్టు మెట్లెక్కించింది.

ఆయనది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. పక్కనే నాది, బట్టలు కుట్టే కొట్టు. మధ్యలో ఉన్నది పల్చటి చెక్కగోడ కాబట్టి అటు ఎవరు తుమ్మినా ఇటు నా వేలికి సూది గుచ్చుకుంటుంది. ఆయన కొట్టు నిండా బంక వాసన. మధ్యమధ్య పాత పేపర్లు పెట్టి గోడకు ఆనించిన అద్దం పలకలు, మేకులకు వేలాడే ఫ్రేముల మూలముక్కలు, ఎవరో కట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయిన పెళ్ళిఫోటోలు. వీటన్నిటి మధ్యా, లోపలికి అడుగుపెట్టగానే కనబడేలా ఇంకో ఫోటో ఉంటుంది. పడుచువయసులో మా బావ. ఉంగరాల జుట్టు, విరుచుకున్న ఛాతీ, ఒక చేయి కొత్త సైకిలు హాండిల్ మీద, ఒక కాలు పెడల్ మీద. కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచి చెక్క ఏరి దానికి ఫ్రేము కట్టుకున్నాడు.

వచ్చినవాళ్ళు దాని ముందు ఆగేవారు. "ఏంటండీ, పందేలకి వెళ్ళేవారా?" అని అడిగేవారు. మా బావ నవ్వేవాడు. "గెలిచారా?" అంటే ఇంకాస్త నవ్వేవాడు. అలా నవ్వీ నవ్వీ, ఎదురుగా ఉన్న టీకొట్టాయన నోట్లో 'ఛాంపియన్' అయి కూర్చున్నాడు. "ఛాంపియన్‌గారికి పంచదార తక్కువ టీ!" అని ఆయన కేకేస్తే వీధి చివరిదాకా వినబడేది.

అయితే ఈ ఛాంపియన్ సైకిలెక్కగా చూసిన నాథుడు లేడు. ఫోటోలో ఉన్న ఆ సైకిలు మాత్రం ఎప్పుడూ పక్కన ఉండాల్సిందే. వెనక క్యారేజీ మీద ఫ్రేములు పేర్చి, దుప్పటి చుట్టి, తాడు బిగించి, హాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చేవాడు. "ఎక్కరాదూ బావా?" అంటే, "అద్దాలున్నాయి కదే, పగిలితే?" అనేవాడు. బాగానే ఉంది. మరి తిరిగొచ్చేటప్పుడు అద్దాలుండవుగా? అప్పుడు ఎదురుగాలి ఉండేది. ఎదురుగాలి లేని రోజున చెయిను వదులు. చెయిను బాగున్న రోజున, నడక ఒంటికి మంచిది. ఇవన్నీ అబద్ధాలు కావా అంటారేమో. ఎదురుగాలి నిజంగానే ఉండేది, చెయిను నిజంగానే వదులు, నడక ఎవరి ఒంటికి మాత్రం చెడ్డది?

ఇన్ని వేషాలూ వేసి, రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు పాంటు అంచు చెయినులో పడకుండా కాలికి ఇనప క్లిప్పు తగిలించుకునేవాడు. మనిషి కళ్ళజోడైనా మర్చిపోయేవాడు గానీ ఆ క్లిప్పు మర్చిపోయేవాడు కాదు. తన కూతురికి పిల్లల సైకిలు కొనిచ్చి, తొక్కడం నేర్పింది కూడా ఆయనే. వెనక సీటు పట్టుకుని పరిగెత్తుతూ, "కిందికి చూడకు, ముందుకు చూడు, తొక్కు, తొక్కు!" అని అరిచేవాడు. పిల్ల ఇట్టే నేర్చేసుకుంది. ఎంత గొప్ప గురువో అని మేమంతా తెగ మెచ్చుకున్నాం.

ఇక మా అక్క. ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క కథ. కొత్తగా పరిచయమైనవాళ్ళు టీ తాగి కప్పు కింద పెట్టేలోగా అది చెప్పేస్తుంది. "పెళ్ళికి ముందు ఈయన రోజూ మా వీధిలోంచి వెళ్ళేవారు. మా ఇల్లు రాగానే సైకిలు దిగిపోయేవారు. దిగి, తలొంచుకుని, మా ఇల్లు దాటేదాకా నడిపించుకుంటూ వెళ్ళేవారు. మిగతా కుర్రాళ్ళు బెల్లు కొట్టుకుంటూ మా వీధిలో చక్కర్లు కొడుతుంటే, ఈయనొక్కరే దిగేవారు. అంత మర్యాద. అది చూసే చేసుకున్నాను."

ఆ రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని హోంవర్కు చేస్తున్నట్టు నటించింది నేనే. "అక్కా, వచ్చాడు" అని కబురు మోసిందీ నేనే. చలికాలంలో కూడా ఆయన చొక్కా చెమటతో తడిసి వీపుకు అతుక్కుపోయి ఉండేది. "అంత చెమటేంటే?" అని నేనంటే, "సిగ్గే, నీకేం తెలుసు?" అని అక్క తన బుగ్గలు ఎర్రగా చేసుకునేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కథ విన్నవాళ్ళు మా బావ వైపు మెచ్చుకోలుగా చూసేవారు. ఆయన నవ్వేవాడు.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం, ఫ్రేములన్నీ ఇచ్చేసి ఖాళీ సైకిలుతో తిరిగొస్తూ, మార్కెట్ దగ్గర తెల్లగీతల మీద రోడ్డు దాటుతున్నాడు. గీతల పక్కనే ఒక వ్యాను ఆగి ఉంది. దాని పక్కనుంచి ఒక కారు వచ్చి సైకిలు ముందుచక్రాన్ని గుద్దింది. సైకిలు ఒకవైపు, బావ ఒకవైపు. ఆయన కుడిచేతి మణికట్టు విరిగింది. కారుకు ముందున్న దీపం పగిలింది.

ఆ కారు నడిపినాయన పళ్ళ డాక్టరు. చెడ్డవాడని చెప్పడానికి నాకూ నోరు రాదు. పారిపోలేదు. బావను తన కార్లోనే పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారిపొడుగునా మాత్రం, "అలా సైకిలు మీద దూసుకొస్తే ఎలాగండీ? నేను చూసుకునేలోగా మీదకి వచ్చేశారు" అని వాపోతూనే ఉన్నాడట. బావ "అబ్బా, అమ్మా" అన్నాడు గానీ, దూసుకు రాలేదని అనలేదు. నొప్పి ఒక కారణం. రెండోది మీరు ఊహించే ఉంటారు.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. పోలీసులంటే వచ్చింది ఒక్కడే, స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని, "జరిగింది మీ మాటల్లో చెప్పండి" అన్నాడు.

"సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నానండీ. ఇంతలో కారొచ్చి కొట్టింది" అన్నాడు బావ. ఇది నా చెవులతో విన్నాను. నేను దిండు సర్దుతున్నాను.

రైటరు రాసుకుని, రాసింది పైకి చదివాడు. "'నేను సైకిలు నడుపుకుంటూ రోడ్డు దాటుచుండగా...' అంతేగా?"

తేడా కనిపెట్టారా? నేను కనిపెట్టలేదు. బావ 'నడిపించుకుంటూ' అన్నాడు, రైటరు 'నడుపుకుంటూ' అని రాశాడు. మధ్యలో 'ఇంచు' ఎగిరిపోయింది. అదెగిరిపోగానే, చేత్తో పట్టుకుని పక్కన నడుస్తున్న మనిషి కాస్తా సీటెక్కి కూర్చుని తొక్కేస్తున్నాడు. బావ మాత్రం కనిపెట్టాడు. సరిచేద్దామని నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే మా అక్క మంచానికి అటువైపు కళ్ళు తుడుచుకుంటూ నర్సుతో అంటోంది, "ఎంత బాగా తొక్కుతారో తెలుసా అమ్మా? అంతటి మనిషికి ఇలా అయిందంటే నమ్మలేకపోతున్నాను." తెరిచిన నోరు మూసుకుంది. బావ నవ్వాడు. రైటరు ఆ నవ్వును అవునని అనుకుని కాగితం ముందుకు జరిపాడు. ఎడంచేత్తో వంకరటింకర సంతకం పడింది.

ఆ సంతకం ఏం చేసిందో తర్వాత మా వకీలమ్మ చెబితే తెలిసింది. వకీలమ్మంటే తలపండిన ఆవిడని ఊహించుకోకండి. చిన్నపిల్ల, నా దగ్గరే నల్లకోటు కుట్టించుకుంది, భుజాల దగ్గర కాస్త వదులు పెట్టమని. ఫైలు చదివి తల పట్టుకుంది.

"ఆంటీ, ఆ తెల్లగీతల మీద నడిచేవాళ్ళదే రాజ్యం. మనిషి కనబడితే కారు ఆగి తీరాలి. సైకిలు పట్టుకుని నడుస్తున్నా సరే, నడుస్తున్నంతసేపూ ఆయన పాదచారే. తప్పు మొత్తం కారుది. కానీ సైకిలెక్కారా, ఇంక ఆయన పాదచారి కాదు, బండి నడిపే మనిషి. గీతల మీదకి తొక్కుకుంటూ వస్తే అటూ ఇటూ చూసుకోవాల్సింది ఆయనే. తప్పు ఆయన మీదకి వస్తుంది."

"అదే మనిషి, అదే సైకిలు, అదే కారు కదమ్మా!"

"అవును. కాళ్ళు ఎక్కడున్నాయన్నదే లెక్క. నేల మీదా, పెడల్ మీదా?"

ఫైల్లో కాళ్ళు పెడల్ మీదే ఉన్నాయి. సంతకం ఆ మాటే అంటోంది. ఆస్పత్రిలో తీసిన ఫోటోలో పాంటుకు క్లిప్పు తళతళలాడుతూ ఆ మాటే అంటోంది. టీకొట్టాయన కూడా, పాపం మంచి చేద్దామనుకుని, "ఆయన సైకిలు ఛాంపియన్ సార్!" అని పోలీసులకు గర్వంగా చెప్పి ఆ మాటే అన్నాడు. తప్పు బావదని తేలితే ఆస్పత్రి ఖర్చూ, కారు దెబ్బా మా నెత్తినే పడతాయి. చెయ్యి విరిగిన మనిషి ఫ్రేములెలా కడతాడు? కొట్టు అమ్ముకోవాల్సిందే.

నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం తిన్నగా ఆయన కొట్లోకి వెళ్ళాను. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో చెక్కముక్క రుద్దుతున్నాడు.

"బావా, ఆ రోజు తొక్కుతూ వచ్చావా, నడుస్తూ వచ్చావా?"

"రాసిచ్చానుగా."

"రాసింది ఆయన. అడుగుతున్నది నిన్ను."

చెక్క రుద్దడం ఆపాడు. "నడిచే వచ్చాను."

"మరి ఆ ముక్క అక్కడే చెప్పి చావొచ్చు కదా!"

"చెబితే ఎందుకని అడుగుతారు. సైకిలు ఖాళీ. కాలికి క్లిప్పు. ఎందుకు తొక్కలేదయ్యా అంటారు. అప్పుడేం చెప్పను?"

"ఎదురుగాలని చెప్పు. మాకు చెప్పలా?"

ఆయన నవ్వలేదు. బావ నవ్వకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. తలొంచుకునే, "నాకు రాదే" అన్నాడు.

"ఏంటి రాదు?"

"సైకిలు."

నేను నవ్వాను. దాచడమెందుకు, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, గోడనున్న ఫోటో వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టి మరీ నవ్వాను. ఆయన ఓపిగ్గా కూర్చున్నాడు. మొదటి సంపాదనతో కొనుక్కున్నాడట. ఎక్కి, నలుగురు చూస్తుండగా మురిక్కాలవలో పడ్డాడట. మళ్ళీ ఎక్కి, మళ్ళీ అదే కాలవలో. "ఇంక సిగ్గేసింది. పక్కన పెట్టుకుని నడిస్తే ఎవరూ ఏమీ అనరు కదా అనుకున్నాను" అన్నాడు.

"సరే, ఇప్పుడు కోర్టులో చెప్పేస్తే పోతుందిగా! కాస్త నవ్వుతారు. నేను నవ్వాను, నీకేమైనా అయిందా?"

"మీ అక్కకి తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

"అది నన్ను చేసుకుందే మీ ఇంటి ముందు సైకిలు దిగేవాణ్ణని కదే" అన్నాడు. "ఎక్కడమే రానివాడు దిగేదేంటి? ఆ ఒక్కటీ తీసేస్తే దాని దగ్గర నాది ఇంకేం ఉంటుంది? తప్పు నాదేనని ఒప్పేసుకుంటాను. కొట్టు పోతే పోనీ."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను. నడిచే వచ్చానని మాత్రం చెప్పడానికి ఒప్పుకున్నాడు. రాదన్న సంగతి నోరు జారనన్నాడు. నా చేత కూడా ఒట్టేయించుకున్నాడు. నేను నోరు మూసుకోవడమంటే మామూలు సంగతా? ఆ రోజుల్లో నా కొట్టుకొచ్చినవాళ్ళంతా, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

కోర్టు రోజు వచ్చింది. పెద్ద గదేం కాదు. పైన ఫ్యాను తిరుగుతున్నంతసేపూ టకటకమంటోంది, కింద కాగితాలు ఎగరకుండా బల్లల మీద గాజు బరువులు. జడ్జిగారు ఆడమనిషి, కళ్ళద్దాల మీదుగా చూస్తారు. ఒకవైపు పళ్ళ డాక్టరూ, ఆయన వకీలు పెద్దాయనా. ఇటు మేము. మా అక్క మంచి చీర కట్టుకుని, బస్సుకోసం కూర్చున్నట్టు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బావను బోనెక్కించారు. "సైకిలు నడిపించుకుంటూనే వచ్చానండీ" అన్నాడు. బాగా చెప్పాడు. ఆ తర్వాత పెద్ద వకీలు లేచాడు.

"మరి 'నడుపుకుంటూ' అన్న కాగితం మీద సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"చదివి వినిపించారా?"

"వినిపించారండీ."

"కాలికి క్లిప్పెందుకు పెట్టుకున్నారు, నడవడానికా?"

బావ తన కాలి వైపు చూసుకున్నాడు.

"మిమ్మల్ని అందరూ ఛాంపియన్ అంటారట. అంతటివారు, ఖాళీ సైకిలు పక్కన పెట్టుకుని ఎందుకు నడిచినట్టు?"

బావ నా వైపు చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఎదురుగాలండీ" అన్నాడు.

వెనక బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఆ రోజు గాలి గురించి ఫైల్లో ఏమీ లేదే" అన్నారు. మా వకీలమ్మ పెన్ను నోట్లో పెట్టుకుని కొరుకుతోంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పెద్ద వకీలు మా అక్కను పిలిచాడు. అక్క బోనెక్కి, నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. "మీవారు సైకిలు బాగా తొక్కుతారటగా అమ్మా?" అని ఆయన తియ్యగా అడిగాడు.

ఇంకేముంది! మా అక్కకు అడగడమే చాలు. వీధి, ఇల్లు, కిటికీ, బెల్లు కొట్టే కుర్రాళ్ళు, దిగడం, తలొంచుకోవడం, మర్యాద. మొత్తం కథ జడ్జిగారికి చెప్పింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి మరీ విన్నారు. అక్క చెప్పే ఒక్కో మాటా మా కేసు మీద ఒక్కో మేకు అని ఆవిడకి తెలియదు. భర్తను పొగుడుతున్నాననే అనుకుంటోంది.

"చాలా సంతోషం. అంటే ఆయన సైకిలెక్కి తొక్కడం మీరు కళ్ళారా చూశారు కదా?" అన్నాడు పెద్ద వకీలు. అవుననిపించుకుని కూర్చుందామని కాబోలు, అప్పటికే కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

అక్క ఆగింది.

ఎక్కడో వెతుక్కుంటున్నట్టు పైకి చూసింది. తర్వాత బావ వైపు చూసింది. బావ నేల చూస్తున్నాడు. ఆ మొహం చూసి ఆవిడకేం అర్థమైందో గానీ, బోను అంచు మీద చేతులు బిగుసుకున్నాయి. మా అక్క సంగతి నాకు తెలుసు. పక్కింటివాళ్ళ పిల్లి మా పాలు తాగిందా అని అడిగితే కూడా, చూడలేదు కాబట్టి చెప్పలేనంటుంది. అలాంటి మనిషి ఇంతమందిలో, ప్రమాణం చేసిన నోటితో, మొగుడి పరువు నిలబెడదామని నెమ్మదిగా, "చూశా..." అని మొదలుపెట్టింది.

"అమ్మగారూ!"

బావ లేచి నిలబడ్డాడు. "ఆవిణ్ణి వదిలెయ్యండి. ఆవిడ చూడలేదు. చూడ్డానికేం లేదు. నాకు సైకిలు తొక్కడం రాదండీ. ఎప్పుడూ రాలేదు."

 గది మొత్తం ఒక్కసారిగా నవ్వింది. మా అక్క నవ్వలేదు. బోను దిగి వచ్చి, నా పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. బావ వైపు చూడలేదు.

పెద్ద వకీలు తేరుకున్నాడు. "రాదని ఎవరైనా అనొచ్చండీ! వచ్చంటే ఎక్కి చూపించమంటాం. రాదంటే ఎలా చూపిస్తారు? ఎక్కి పడతారు. పడడం ఎవరికి రాదు?" ఆ మాటా నిజమే.  జడ్జిగారు కాసేపు ఆలోచించి, "సైకిలెక్కడుంది?" అని అడిగారు.

సైకిలు కింద ఆవరణలోనే ఉంది, మెడలో పోలీసుల చీటీతో, స్తంభానికి కట్టేసి. అందరం దిగాం. ముందుచక్రం వంకర పోయింది, మిగతాదంతా బాగానే ఉంది. జడ్జిగారు చుట్టూ తిరిగి చూశారు. మా వకీలమ్మ చూసింది. ఎవరికీ ఏమీ తోచలేదు. పళ్ళ డాక్టరు మాత్రం అలవాటు ప్రకారం జేబులోంచి చిన్న టార్చి తీసి, గొంతుక్కూర్చుని, పెడళ్ళ దగ్గరుండే పళ్ళచక్రం మీద వెలుతురు వేశాడు. ఒక్కో పన్నూ చూసుకుంటూ వచ్చాడు. మధ్యలో, "హ్మ్" అన్నాడు.

"ఏంటి డాక్టరుగారూ?" అన్నారు జడ్జిగారు.

"ఒక్క పన్ను కూడా అరగలేదండీ" అన్నాడు. "టైర్లు చూస్తే నున్నగా అరిగిపోయాయి, అంటే ఈ సైకిలు ఊరంతా తిరిగింది. చెయిను వదులుగా వేలాడుతోంది, దాని లింకులు తుప్పుతో బిగుసుకుపోయాయి. పెడల్ రబ్బరు మీద గీతలు నిన్న కొన్నట్టున్నాయి. ఈ పళ్ళు ఏనాడూ నమిలినవి కావు."

"డాక్టరుగారూ, మీరు మన వైపండీ!" అని పెద్ద వకీలు గింజుకున్నాడు.

"వైపు సంగతి తర్వాత చూద్దాం. పళ్ళు పళ్ళే కదా" అని ఆయన మోకాళ్ళు దులుపుకుని లేచాడు. బావ వైపు తిరిగి, "వ్యాను పక్కనుంచి నాకు కనబడింది హాండిల్ ఒక్కటేనండీ. హాండిల్ కనబడితే సీటు మీద మనిషి ఉన్నాడనుకున్నాను. చూశానని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. చూడలేదు" అన్నాడు. మంచివాడని ముందే చెప్పానుగా.

జడ్జిగారు పైకెళ్ళి తేల్చేశారు. గీతల మీదున్నది పాదచారే, ఆగాల్సింది కారు, ఆగలేదు కాబట్టి తప్పు కారుది. రైటరును పిలిపించి, మనుషులు చెప్పిన మాట చెప్పినట్టే రాయమని చీవాట్లు పెట్టారు. తర్వాత బావను చూసి, "ఆయన తప్పు రాశారు. సరే. చదివి వినిపించినప్పుడు కాదని ఎందుకనలేదు? అది మాత్రం మీ తప్పే" అన్నారు. బావ, "నాదేనండీ" అన్నాడు. ఈసారి ఆ నవ్వు నవ్వలేదు.

కేసు గెలిచినవాళ్ళు ఇంటికెళ్ళే పద్ధతి అది కాదు. బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. బావ వెనక సీట్లో. నేను మధ్యలో, ఎవరితో మాట్లాడినా ఇంకొకరికి కోపమొస్తుందేమోనని, జీవితంలో రెండోసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇంట్లోకి రాగానే అక్క వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి పడేసింది. కాసేపటికి మంచినీళ్ళు తెచ్చి బావ ముందు ఠక్కున పెట్టింది.

"అయితే మా ఇంటి ముందు దిగింది నా కోసం కాదన్నమాట."

"ఎక్కితే కదా దిగడానికి" అన్నాడు బావ, గ్లాసు వైపు చూస్తూ.

"ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పాను! మన పిల్లకి చెప్పాను. ఇవాళ జడ్జికి చెప్పాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు."

"విన్నాను."

"నవ్వారు కూడా."

బావ కట్టుకట్టిన చేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు.  తప్పు చేసినవాడిలాగే, తలెత్తకుండా చెప్పాడు.

"మీ వీధి నా దారి కాదే."

"ఏంటి?"

"నేను పనిచేసే కొట్టు పాత బస్టాండు వెనక. మా ఇల్లు ఆ పక్క సందులోనే. కొట్టు తలుపేస్తే ఇల్లు. మీ వీధికి రావాలంటే అటు వంతెన దాటాలి, కలప మిల్లు చుట్టూ తిరగాలి, ఆ ఎత్తంతా ఎక్కాలి. తొక్కడం వచ్చినవాళ్ళకి అదో లెక్కా? చక్కర్లు కొట్టారంటే కొట్టరా మరి! నేను అంత దూరమూ నడిచే వచ్చేవాణ్ణి. మళ్ళీ నడిచే వెళ్ళేవాణ్ణి. రోజూ, ఆ గుదిబండని తోసుకుంటూ."

చలికాలంలో ఆ చెమటెందుకో నాకు అప్పటికి అర్థమైంది. ఛీ, ఇన్నేళ్ళూ ఎంత మొద్దుని నేను!

అక్క అలాగే నిలబడిపోయింది. గొంతులో కోపం ఇంకా ఉంది గానీ, అది దారి తప్పింది. "మరి ఆ సైకిలెందుకండీ? ఉత్తినే నడిచి రాలేకపోయారా?"

"సైకిలు లేనివాణ్ణి నువ్వు చూసేదానివా?"

అక్క చీరకొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. విరిగిన చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, "నేను సైకిలుని ఎప్పుడు చూశానండీ?" అంది.

నాకింక అక్కడ పనేముంది? చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, కొట్టు తెరుచుకోవడానికి వెళ్ళిపోయాను.